ఇంటర్ తర్వాత యానిమేషన్: ఎన్‌ఐడీనా, బీఎఫ్ఏనా, ఇన్‌స్టిట్యూట్ డిప్లొమానా, లేక బీటెక్ చేశాక చూద్దామా

ఎంపీసీ పిల్లలున్న ఇళ్లల్లో యానిమేషన్ అనే మాట మొదలయ్యేది చాలాసార్లు ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) రిజల్ట్ వచ్చాకే. ర్యాంకు అనుకున్నంత రాలేదు, పిల్లాడు చిన్నప్పట్నుంచి బొమ్మలు బాగా వేస్తాడు, పోనీ యానిమేషన్‌లో చేర్పిద్దామా అని. కానీ అప్పటికే మంచి దారులు రెండు మూసుకుపోయి ఉంటాయి, ఎందుకంటే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్), యూసీడ్ (ఐఐటీల్లో డిజైన్ డిగ్రీకి రాసే పరీక్ష) లాంటి ఎంట్రన్సులకి అప్లికేషన్లు ముందు ఏడాది అక్టోబర్, నవంబర్ టైంలోనే పెట్టేయాలి, ఎన్‌ఐడీ ప్రిలిమ్స్, యూసీడ్ పరీక్ష కూడా ఇంటర్ పబ్లిక్ కంటే ముందే అయిపోతాయి. జూన్‌లో మిగిలేవి ఏంటంటే, ఫ్లెక్సీ కట్టిన ఇన్‌స్టిట్యూట్లు. అందుకని ఈ ఆలోచన సెకండియర్ మొదలవ్వకముందే ఇంట్లో మాట్లాడుకోవాల్సింది, ఫస్టియర్‌లో అయితే ఇంకా మంచిది.

ఏ కోర్సు మంచిది అని ఎవరడిగినా నేను చూసేది ఒక్కటే. కోర్సు చివర ఆ స్టూడెంట్ సొంతంగా ఒక సినిమా తీసి బయటికొస్తాడా లేదా? రెండు మూడు నిమిషాలదైనా పర్లేదు, కథ అనుకోవడం, స్టోరీబోర్డ్ (సీన్లని వరుస బొమ్మలుగా వేసుకోవడం), క్యారెక్టర్ డిజైన్, యానిమేషన్, సౌండ్ దాకా తనే మోసి పూర్తి చేసిన సినిమా. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు ఉంచినా సెకనుకి 12 బొమ్మలు, నిమిషానికి 720, మూడు నిమిషాలకి 2,160 బొమ్మలు, అదీ రఫ్ మాత్రమే, తర్వాత క్లీనప్ (రఫ్ గీతల్ని శుభ్రంగా మళ్లీ గీయడం), రంగులు వేరే. ఇది ఒకసారి చేసినవాడికి టైమింగ్ అంటే ఏంటో, బరువు ఎలా చూపించాలో, ఎక్కడ బొమ్మ తగ్గించినా పర్లేదో చేతికి తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ ట్యుటోరియల్స్ ఎన్ని ఫాలో అయినా ఆ తెలివి రాదు. కాబట్టి బ్రోషర్‌లో ఎన్ని సాఫ్ట్‌వేర్ల పేర్లు రాశారన్నది పక్కన పెట్టి, లాస్ట్ ఇయర్ పిల్లలు తీసిన సినిమాలు చూపించమనండి. చూపించగలిగిన కాలేజీకీ, రేపు రండి అనే కాలేజీకీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో విషయం ముందే తేల్చుకోవాలి, యానిమేషన్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ లోపల పనులు చాలా వేరు. ఒకవైపు స్టోరీబోర్డ్, క్యారెక్టర్ డిజైన్, బ్యాక్‌గ్రౌండ్లు, 2డీ యానిమేషన్, వీటికి చెయ్యి తిరిగి ఉండాలి, రోజూ గీయాలి. ఇంకోవైపు రిగ్గింగ్ (3డీ బొమ్మ కదలడానికి లోపల ఎముకల్లాంటి ఏర్పాటు చేయడం), ఎఫ్‌ఎక్స్ (నిప్పు, నీళ్లు, పొగ లాంటివి చేయడం), లైటింగ్, కంపోజిటింగ్ (విడివిడిగా చేసినవన్నీ ఒక్క షాట్‌లో కలపడం), వీటికి కన్ను కావాలి కానీ బొమ్మ వేయడం కంటే కంప్యూటర్‌తో కుస్తీ పట్టే ఓపిక ఎక్కువ కావాలి, రిగ్గింగ్, ఎఫ్‌ఎక్స్ వాళ్లయితే పైథాన్ భాషలో కోడ్ రాస్తారు, ఫిజిక్స్ కూడా పనికొస్తుంది. 3డీ క్యారెక్టర్ యానిమేటర్ మధ్యలో ఉంటాడు, అతను దాదాపు యాక్టర్. హైదరాబాద్‌లో రెండు వైపులా పని ఉంది, ఛోటా భీమ్ తీసిన గ్రీన్ గోల్డ్ ఇక్కడిదే, మకుట లాంటి వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) కంపెనీలు పెద్ద తెలుగు సినిమాలకి ఇక్కడి నుంచే పనిచేశాయి. కానీ మీ పిల్లది ఏ వైపు అనేది తెలీకుండా కోర్సు ఎంచుకుంటే సగం ఫీజు దండగే అవుతుంది.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ 1961లో మొదలైన సంస్థ, అక్కడ బీడిజైన్ అనే డిగ్రీలో యానిమేషన్ ఫిల్మ్ డిజైన్ అని ప్రత్యేకంగా బ్రాంచి ఉంది, నాలుగేళ్లు. మొదటి ఏడాది ఫౌండేషన్, అందరూ కలిసి డ్రాయింగ్, మెటీరియల్స్, రంగులు, ఆకారాలు నేర్చుకుంటారు, తర్వాతే బ్రాంచి. ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు, ఎంపీసీ అక్కర్లేదు, సీఈసీ వాళ్లు కూడా రాయొచ్చు, కానీ వయసు పరిమితి ఉంది కాబట్టి రెండు మూడేళ్లు ఆగి చూద్దాంలే అంటే కుదరదు. ప్రిలిమ్స్, అది దాటితే మెయిన్స్‌లో స్టూడియో టెస్ట్, అంటే చేత్తో ఏదైనా చేసి చూపించాలి. సీట్లు తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది, అయినా నా దృష్టిలో మన దేశంలో ఇంటర్ తర్వాత యానిమేషన్ చదవడానికి దీనికి మించింది లేదు. అక్కడ పిల్లలు సొంత సినిమా తీయకుండా బయటికి రారు, పైగా మన చుట్టూ ఉన్న బొమ్మల సంప్రదాయాల్ని సీరియస్‌గా చూడడం నేర్పుతారు. మన నిమ్మలకుంట తోలుబొమ్మలూ, చేర్యాల నకాషీ పటాలూ చూసి పెరిగిన పిల్ల అలాంటి చోటికెళ్తే ఏం చేయగలదో ఆలోచించండి.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. మనకి ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది కదా, దగ్గరే కదా అనుకుంటారు. అది 2015లో మొదలైంది, 2019లో చట్టం సవరించాక జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ కూడా అయింది, మంచిదే, కానీ అక్కడ బీడిజైన్‌లో ఉన్నవి ఇండస్ట్రియల్ డిజైన్, కమ్యూనికేషన్ డిజైన్, టెక్స్‌టైల్ అండ్ అపరెల్ డిజైన్. యానిమేషన్ పేరుతో బ్రాంచి లేదు. కమ్యూనికేషన్ డిజైన్‌లో చేరి ఆ వైపు ప్రాజెక్టులు చేసుకోవచ్చు, అలా వెళ్లేవాళ్లకి అది బాగానే ఉంటుంది, యానిమేషనే కావాలి అని పట్టుదల ఉన్నవాళ్లు మాత్రం తెలిసే చేరాలి.

ఐఐటీల సంగతి కూడా దాదాపు ఇంతే. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ డిపార్ట్‌మెంట్ ఉంది, యూసీడ్ రాసి బీడిజైన్‌లో చేరొచ్చు. యూసీడ్‌కి జేఈఈతో సంబంధం లేదు, కంప్యూటర్ మీద రాసే భాగం ఒకటి, చేత్తో గీసే భాగం ఒకటి, చూసే చూపునీ ఊహనీ పరీక్షిస్తారు తప్ప కెమిస్ట్రీ అడగరు. ఐఐటీ అనే పేరు వల్ల ఇంట్లో ఒప్పించడం తేలిక, అది చిన్న విషయం కాదు. కాకపోతే అక్కడ బీడిజైన్ అంటే డిజైన్ మొత్తం, ప్రొడక్ట్, ఇంటర్‌ఫేస్, విజువల్ అన్నీ, అందులో యానిమేషన్ ఒక పాయ మాత్రమే. అసలైన యానిమేషన్ కోర్సు ఐఐటీ బాంబేలోని డిజైన్ స్కూల్ ఐడీసీలో ఉంది, ఎండిజైన్ యానిమేషన్, రెండేళ్లు, సీడ్ అనే ఎంట్రన్స్ రాయాలి, డిగ్రీ అయ్యాక. ఇది గుర్తుపెట్టుకోండి, బీటెక్ వాళ్ల గురించి చెప్పేటప్పుడు మళ్లీ వస్తుంది.

మన రాష్ట్రాల్లో సంగతికొస్తే, మాసబ్ ట్యాంక్‌లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, 2008లో జేఎన్‌టీయూ నుంచి విడిపోయి యూనివర్సిటీ అయింది, అక్కడ బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, నాలుగేళ్లు, సొంత ఎంట్రన్స్ ఉంటుంది. కడపలో 2020లో వచ్చిన ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, దానికి ఏడీసెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. ఈ రెండింటి బలం ఏంటంటే పక్క గదిలో పెయింటింగ్ వాళ్లుంటారు, శిల్పం చేసేవాళ్లుంటారు, మోడల్‌ని కూర్చోబెట్టి లైఫ్ డ్రాయింగ్ చేస్తారు. యానిమేషన్ పిల్లలకి అది బంగారం. ఫీజు కూడా ప్రైవేటు వాటితో పోలిస్తే మధ్యతరగతి ఇంటికి అందేలా ఉంటుంది. బలహీనత ఏంటంటే ఇండస్ట్రీలో ఇవాళ నడుస్తున్న పైప్‌లైన్ (పని ఒక డిపార్ట్‌మెంట్ నుంచి ఇంకోదానికి వెళ్లే పద్ధతి) అంతా క్లాసులో దొరుకుతుందని ఆశపెట్టుకోకూడదు, 3డీ సైడు చాలావరకు సొంతంగా, సీనియర్లని పట్టుకుని నేర్చుకోవాల్సిందే. గీసే చెయ్యి ఉన్న పిల్లకి నేను దీన్నే చెప్తాను, సాఫ్ట్‌వేర్ ఆర్నెల్లలో పట్టుబడుతుంది, అనాటమీ ఆర్నెల్లలో రాదు. అనుబంధ కాలేజీల్లో సీటొస్తే మాత్రం యూనివర్సిటీ పేరు చూసి ఊరుకోకుండా ఆ కాలేజీకి వెళ్లి ఫ్యాకల్టీ ఎవరో, ల్యాబ్‌లో ఎంతమందికి ఒక సిస్టమో కళ్లతో చూసి రండి, యూనివర్సిటీ ఒకటే అయినా కాలేజీకీ కాలేజీకీ చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. ఊరూరా ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో డిప్లొమాతో పాటు డిగ్రీ కూడా ఇస్తాం అంటారు, బీఎస్సీ యానిమేషన్, బీఏ యానిమేషన్, ఏదో యూనివర్సిటీతో టై-అప్ అని. డబ్బు కట్టకముందే అడగాల్సిన ప్రశ్నలు ఇవి: సర్టిఫికెట్ మీద ఏ యూనివర్సిటీ పేరు ఉంటుంది, అది యూజీసీ లిస్టులో ఉందా, ఆ యూనివర్సిటీ ఏ రాష్ట్రానిది, రెగ్యులరా డిస్టెన్సా? ఒక రాష్ట్రం చట్టంతో పుట్టిన యూనివర్సిటీ ఇంకో రాష్ట్రంలో ఫ్రాంచైజీ సెంటర్ పెట్టి రెగ్యులర్ డిగ్రీ ఇచ్చే వీల్లేదు, 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు యూనివర్సిటీల కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత యూజీసీ ఈ మాట మళ్లీ మళ్లీ చెప్తూనే ఉంది. డిస్టెన్స్ అయితే దానికి వేరే అనుమతి ఉండాలి, అదీ యూజీసీ సైట్‌లో ఏ ఏడాదికి ఆ ఏడాది చూసుకోవచ్చు. ఉద్యోగానికి డిగ్రీ ఎవడడుగుతాడు, షోరీల్ (చేసిన పని కలిపిన చిన్న వీడియో) చూస్తారు అని కౌన్సెలర్ అంటాడు, అది స్టూడియోల వరకు నిజమే. కానీ రేపు ఐడీసీలో ఎండిజైన్‌కో, కోల్‌కతా సత్యజిత్ రే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో మూడేళ్ల యానిమేషన్ సినిమా కోర్సుకో, విదేశీ మాస్టర్స్‌కో, వర్క్ వీసాకో వెళ్లాలంటే చెల్లే డిగ్రీ ఉండి తీరాలి. పద్దెనిమిదేళ్ల వయసులో ఆ తలుపులన్నీ మూసేయడం అన్యాయం.

అలాగని డిప్లొమా ఇన్‌స్టిట్యూట్లు దండగ అని నేను అనను. అరీనా, మ్యాక్ లాంటి చెయిన్లు ఏళ్ల తరబడి ఉన్నాయి, వాటిలోంచి వచ్చి స్టూడియోల్లో మంచి పొజిషన్లలో ఉన్నవాళ్లు ఉన్నారు. ఇవి ఎవరికి సూట్ అవుతాయంటే, ఆల్రెడీ ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లకి, లేదా పక్కన డిగ్రీ చదువుతూ సాయంత్రం వెళ్లేవాళ్లకి, ఏ డిపార్ట్‌మెంట్ కావాలో క్లియర్‌గా తెలిసినవాళ్లకి. ఒకటే బ్రాండ్ అయినా ఒక బ్రాంచిలో మంచి సార్ ఉంటాడు, ఇంకో బ్రాంచిలో నిన్నటిదాకా స్టూడెంట్‌గా ఉన్న కుర్రాడే పాఠం చెప్తుంటాడు, కాబట్టి బ్రాండ్‌ని కాదు ఆ బ్యాచ్‌కి చెప్పే మనిషిని చూడాలి, ఆయన షోరీల్ చూపించమని అడగడంలో తప్పేం లేదు. మొత్తం ఫీజు ఒకేసారి కట్టొద్దు, లోన్ పెట్టిస్తాం అంటే సంతకం ముందు ఆగండి, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అనేదానికి కూడా వివరం అడగాలి, ఏ డిపార్ట్‌మెంట్‌లో అని. చాలాసార్లు అది రోటో (షాట్‌లో మనిషినో వస్తువునో ఫ్రేము ఫ్రేముకీ అంచులు గీసి వేరు చేయడం), పెయింట్ (తీగల్లాంటి అక్కర్లేనివి చెరిపేయడం) పని అయ్యుంటుంది. అవి గౌరవమైన పనులే, చాలామంది అక్కడే మొదలుపెట్టి కంపోజిటింగ్‌కి ఎదిగారు, కానీ క్యారెక్టర్లకి ప్రాణం పోయాలని వచ్చిన పిల్లకి ఆ సంగతి ముందే తెలియాలి.

బీటెక్ చేశాక చూద్దాం అనే దారి మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది, ఎందుకంటే తెలుగు ఇళ్లల్లో ఇది ఎక్కువగా జరిగేది, కొందరికి నిజంగా సరిపోయేది కూడా. గ్రీన్ గోల్డ్ పెట్టిన రాజీవ్ చిలక హైదరాబాద్‌లో ఇంజినీరింగ్, అమెరికాలో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ అయ్యాకే శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదివారు, 2001లో కంపెనీ పెట్టారు, 2008లో ఛోటా భీమ్ టీవీలోకొచ్చింది. కోడింగ్ ఇష్టపడే పిల్లలకి టెక్నికల్ సైడు, అంటే ఎఫ్‌ఎక్స్, రిగ్గింగ్, స్టూడియోలకి టూల్స్ రాసే పని, గేమ్ ఇంజిన్లు, వీటిలో బీటెక్ సీఎస్‌ఈ చాలా పనికొస్తుంది, తర్వాత సీడ్ రాసి ఐడీసీకి వెళ్లొచ్చు, లేదా టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో విజువలైజేషన్ లాంటి ప్రోగ్రామ్ చూడొచ్చు, అక్కడ చదివినవాళ్లు పిక్సార్ లాంటి స్టూడియోల్లో చాలామందే ఉన్నారు. కానీ బొమ్మ వేయడమే ప్రాణంగా ఉన్న పిల్లని నాలుగేళ్లు బ్యాక్‌లాగ్‌ల మధ్య కూర్చోబెట్టడం మాత్రం వద్దు. ఆ నాలుగేళ్లు గీయకుండా పోతే చాలా కష్టపడి వెనక్కి తెచ్చుకోవాలి.

డిగ్రీకే విదేశాలకి పంపడం అంటే చాలా పెద్ద డబ్బు. పారిస్‌లో గోబెలాన్స్, అమెరికాలో కాల్‌ఆర్ట్స్, కెనడాలో ఒంటారియోలోని షెరిడాన్, ఇవి ప్రపంచంలో అందరూ ఒప్పుకునే పేర్లు, వీటిలో చేరడానికి మార్కుల కంటే పోర్ట్‌ఫోలియోనే, అంటే తను వేసిన బొమ్మల సేకరణే, ముఖ్యం. అలాంటి వాటిలో సీటొస్తే అప్పు గురించి ఆలోచించడంలో అర్థం ఉంది, పేరు తెలియని కాలేజీకి అదే డబ్బు పెట్టడంలో లేదు. అమెరికా వెళ్లేవాళ్లు ఒకటి తప్పకుండా చూడాలి, ఏజెంట్లు దీని గురించి పెద్దగా చెప్పరు. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారం మీద కోర్సుకి ఒక సీఐపీ కోడ్ (కోర్సు ఏ రకమో చెప్పే నంబర్) ఉంటుంది. యానిమేషన్, వీడియో గ్రాఫిక్స్, స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఉన్న 10.0304 కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) లిస్టులో ఉంది, అంటే 12 నెలల ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) తర్వాత ఇంకో 24 నెలల ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసుకునే వీలుంటుంది. పేరులో యానిమేషన్ అనే ఉన్నా కోడ్ ఫైన్ ఆర్ట్స్ కిందది అయితే ఆ రెండేళ్లు చేజారిపోవచ్చు. లోన్ తీర్చాల్సిన ఇంటికి ఆ రెండేళ్లే ప్రాణాధారం, కాబట్టి అప్లికేషన్ ఫీజు కట్టకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి కోడ్ ఏంటో అడిగేయండి.

పోర్ట్‌ఫోలియో అన్నాను కదా, మన దగ్గర బొమ్మలొచ్చిన పిల్లలు ఎక్కువగా చేసేది హీరో ఫోటో ముందు పెట్టుకుని గళ్లు గీసి పెన్సిల్ షేడింగ్‌తో అచ్చు దింపడం. ఓపిక, శుభ్రత కనిపిస్తాయి, కానీ యానిమేషన్ సెలక్షన్లలో దానికి విలువ తక్కువ, ఎందుకంటే అది కదలిక గురించి ఏమీ చెప్పదు. రైతుబజార్‌లో బేరమాడే ఆవిడ, ఆర్టీసీ బస్టాండ్‌లో బ్యాగు మీద తల పెట్టుకుని కునికే మనిషి, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ వంగి చప్పట్లు కొట్టేవాళ్లు, వీళ్లని ముప్పై సెకన్లలో నాలుగు గీతల్లో పట్టుకోవడం ప్రాక్టీస్ చేయాలి. ముఖం రాకపోయినా పర్లేదు, బరువు ఏ కాలి మీద ఉందో తెలియాలి. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్న పిల్లలకి స్టడీ అవర్స్ మధ్య ఇది దొంగతనంగా చేయాల్సి వస్తుంది, అందుకే ఇంట్లోవాళ్లే మాట్లాడి రోజుకి ఒక గంట ఇప్పించగలిగితే ఏ కోచింగ్ సెంటర్ కంటే ఎక్కువ మేలు చేసినట్టు.

లక్షల ఫీజులో సాఫ్ట్‌వేర్ ఖర్చు కూడా కలిసుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. బ్లెండర్ పూర్తిగా ఉచితం, 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన ఫ్లో అనే లాత్వియా సినిమా బ్లెండర్‌లోనే తీశారు. మాయా స్టూడెంట్లకి ఫ్రీ, హౌడినీకి నేర్చుకునే ఫ్రీ వెర్షన్ ఉంది, న్యూక్‌కి కూడా ఉంది. మీరు కాలేజీకి డబ్బు కట్టేది మీ షాట్ చూసి ఇక్కడ నడుము ముందు కదలాలి, చెయ్యి తర్వాత రావాలి అని చెప్పే మనిషి కోసం, పక్కన కూర్చుని పోటీ పడే క్లాస్‌మేట్ల కోసం.

ఉద్యోగాల గురించి దాచకుండా చెప్పుకోవాలి. 2013లో రిథమ్ అండ్ హ్యూస్ అనే వీఎఫ్‌ఎక్స్ కంపెనీ ఆస్కార్ గెలిచిన నెలలోనే దివాలా పిటిషన్ వేసింది, దానికి హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే వీఎఫ్‌ఎక్స్ కంపెనీ మూతపడినప్పుడు బెంగళూరులో వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. ఈ ఫీల్డులో పని ప్రాజెక్టుల వెంట వస్తుంది పోతుంది. ఏఐ వల్ల ముందుగా ఒత్తిడి పడేది రోటో, పెయింట్, ఇన్‌బిట్వీన్ (రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య బొమ్మలు నింపడం) లాంటి పనుల మీద అని నా అభిప్రాయం, అంటే సరిగ్గా చిన్న కోర్సులు ఏ పనికైతే తయారు చేస్తున్నాయో వాటి మీదే. కథ చెప్పడం, నటన, డిజైన్ వచ్చినవాళ్లకీ, టూల్స్ రాయగలిగినవాళ్లకీ ఒక కంపెనీ పోయినా ఇంకో చోట దొరుకుతుంది, గేమ్స్, యాడ్స్, ఎడ్యుకేషన్ వీడియోలు, ఏదో ఒకటి. నాలుగేళ్ల కోర్సు వైపు నేను మొగ్గడానికి పెద్ద కారణం ఇదే.

మరి మీ ఇంట్లో పిల్లకి ఏది? రోజూ గీస్తుంది, కథలు చెప్తుంది అంటే ఎన్‌ఐడీ, యూసీడ్ రెండూ రాయించండి, రాకపోతే హైదరాబాద్ లేదా కడప బీఎఫ్ఏ, అది అయ్యాక ఐడీసీనో కోల్‌కతానో. లెక్కలూ కంప్యూటరూ ఇష్టం, సినిమాల్లో ఎఫెక్ట్స్ ఎలా చేశారో వెతుక్కుంటూ ఉంటాడు అంటే బీటెక్‌లో చేర్పించి పక్కన బ్లెండర్, హౌడినీ మొదలుపెట్టించండి. ఇంట్లో త్వరగా సంపాదన కావాలి, నాలుగేళ్లు ఆగే పరిస్థితి లేదు అంటే దగ్గర్లో ఏదైనా రెగ్యులర్ డిగ్రీ, దానితో పాటు సాయంత్రం మంచి ట్రైనర్ ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క డిపార్ట్‌మెంట్ మీదే గట్టి శిక్షణ, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ డిగ్రీకి వర్తిస్తుందో లేదో కనుక్కుని. ఎటూ తేలట్లేదు, ఇష్టం ఉందో లేదో కూడా తెలీదు అంటే ఈ సెలవుల్లో బ్లెండర్‌లోనో కాగితం మీదో ఒక బంతి ఎగిరి పడే సీను, ఒక పిండి బస్తా దూకే సీను, ఒక మనిషి నడిచే సీను చేయించండి, పది సెకన్లు చాలు. అవి పూర్తి చేశాక ఇంకోటి చేస్తా అంటే అప్పుడు అప్లికేషన్లు చూడండి, విసుగొచ్చి వదిలేస్తే మాత్రం ఏ కాలేజీకీ అడ్వాన్స్ కట్టకండి.